గురువారం దాకా

భోజనాల బల్ల మధ్యలో సీసా ఉంది. చూపుడువేలంత కూడా లేదు. దాని మీద ఆకుపచ్చ అక్షరాలతో ‘హాయి నిద్ర, అంతా సహజం’ అని రాసి ఉంది.

బల్లకు ఇవతల డ్రైవింగ్ మేడమ్ నిలబడి ఉంది. కొత్తవాళ్ళకు కారు నడపడం నేర్పుతుంది కాబట్టి వీధి వీధంతా ఆమెను అలాగే పిలుస్తుంది. పాఠం మధ్యలో వదిలేసి వచ్చిందేమో, కారు తాళాలు ఇంకా పిడికిట్లోనే ఉన్నాయి. బల్లకు అవతల ఆమె వదిన, మొగుడికి స్వయానా అక్క, కుర్చీలో కర్రలా కూర్చుని ఉంది. ఊళ్ళోని పార్కులకు మొక్కలు పెంచే నర్సరీలో వయసంతా పనిచేసి రిటైరైన మనిషి. ఆవిడ రిటైరైంది గానీ గోళ్ళ కింద మట్టి మాత్రం రిటైర్ కాలేదు.

“ఎన్ని చుక్కలు వేశారు వదినా?”

“గొంతు తగ్గించు. పిల్ల పడుకుంది.”

“పిల్ల పడుకుందనే కదా నా గోల! నిన్న పొద్దుగూకకుండానే పడుకున్న పిల్ల ఇవాళ మధ్యాహ్నం దాటినా లేవలేదు. లెక్కల పరీక్ష పోయింది. స్కూలు వాళ్ళు ఫోన్ చేసేసరికి నేను నడిరోడ్డు మీదున్నా. నా ఫోన్ మోగగానే ఆ పూలషాపాయన స్టీరింగ్ వదిలేసి కళ్ళు మూసుకున్నాడు. నా వైపు బ్రేకు ఉండబట్టి బతికిపోయాం. చెప్పండి, ఎన్ని?”

“సీసా మీద రాసినన్నే.”

మేడమ్ ఆవిడ కళ్ళలోకే చూసింది. మాట్లాడకుండా చూడటం ఆమెకు వృత్తిలో అబ్బిన విద్య. ఎదురుగా ఎర్రలైటు పడిందని నోటితో చెప్పనక్కర్లేకుండా చెప్పగలదు.

వదిన చూపు తిప్పుకుంది. “కొంచెం ఎక్కువ పడ్డాయేమో. రాత్రి దొర్లుతూనే ఉంది పాపం. చూడలేకపోయాను.”

అప్పటికే మేడమ్ పిల్లను లేపి కూర్చోబెట్టింది. మంచినీళ్ళు తాగించి మళ్ళీ పడుకోబెట్టింది. పిల్లల మానసిక వైద్యం చూసే డాక్టరమ్మ దగ్గర పనిచేసే నర్సుకు ఫోన్ చేస్తే, ఆవిడ అడగాల్సినవన్నీ అడిగి, ‘ఇంకొక్క చుక్క కూడా వెయ్యకండి, ఓ కంట కనిపెట్టి ఉండండి, సీసా పారెయ్యకుండా తీసుకురండి’ అంది. ఆమాట వదినకు చెబితే మూతి ముడుచుకుంది.

“విషమేం కాదు. ఆకులూ వేళ్ళూ. సహజం.”

“గన్నేరు కూడా సహజమే వదినా.”

“గన్నేరు సంగతి నాకు చెబుతున్నావా? ఈ ఊళ్ళో ఉన్న గన్నేరు చెట్లలో సగం ఈ చేతుల్తో నాటినవే!”

“అందుకే చెబుతున్నా. నాటారుగానీ ఎవరికీ మందుగా ఇవ్వలేదుగా.”

వదిన ముఖం జేగురు రంగుకు తిరిగింది. ఇంతసేపూ అణచిపెట్టుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. “నేనిచ్చింది తప్పే అనుకో. మరి నువ్వు చేస్తున్నదేమిటి? పదమూడేళ్ళ పిల్లను పట్టుకుని పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకుపోతానంటావా? వచ్చే గురువారం వెళ్ళాలని టైమ్ కూడా తీసేసుకున్నావా? ఇంట్లో పెద్దదాన్ని, నన్నొక్క మాట అడిగావా? రేపు వీధిలో తెలిస్తే...”

ఆవిడ మాట మధ్యలోనే ఆగిపోయింది. లోపలి గది గుమ్మంలో పిల్ల నిలబడి ఉంది.

పుట్టి మాటలొచ్చింది మొదలు ఆ పిల్లను ఇంట్లో రేడియో అనే పిలిచేవారు. పొద్దున కళ్ళు తెరిస్తే మొదలు, పళ్ళు తోముకుంటూ కూడా నురగలోంచి ఏదో చెబుతూనే ఉండేది. ఈమధ్య ఎవరూ ఆ పేరుతో పిలవడం లేదు. బడి నుంచి వచ్చి గోడవైపు తిరిగి పడుకోవడం, కంచంలో వేలితో గీతలు గీసి లేచిపోవడం, అడిగినదానికి ‘ఊఁ’ అనడం. పాటల బృందంలోంచి తప్పుకుందనీ, మధ్యాహ్నం ఒక్కతే మెట్ల కింద కూర్చుని తింటోందనీ వాళ్ళ క్లాసు టీచరు పిలిచి చెప్పేదాకా అది వయసు తెచ్చిన అలకే అనుకున్నారు.

“నేను ఇక్కడే ఉన్నాను,” అంది పిల్ల.

కోపంగా అనలేదు. ఏడుస్తూ అనలేదు. హాజరు పిలిచినప్పుడు చెప్పినట్టు చెప్పి, వెనక్కి తిరిగి తలుపు వేసుకుంది. ఆ తలుపు చప్పుడైనా బాగుండేది. చప్పుడు కాకుండా వేసుకుంది.

మేడమ్ సీసా తీసి చేతిసంచిలో వేసుకుంది.

“గురువారం వెళ్తున్నాం వదినా. అందులో మార్పు లేదు.”

*

మేడమ్ భర్తది కళ్ళద్దాల షాపు. అద్దం అరగదీసే యంత్రం, గోడకు పైన పెద్దవీ కింద చిన్నవీ అక్షరాల అట్ట, ఫ్రేములు పేర్చిన అద్దాల బీరువా. మరునాడు ఆమె వెళ్ళేసరికి అతను ఓ ముసలాయన ముక్కు మీద ఫ్రేము సరిచేస్తున్నాడు.

“వదులుగా ఉందా అండీ?”

“నా ముక్కే వదులైపోయింది నాయనా, నీ ఫ్రేమేం చేస్తుంది!”

ముసలాయన నవ్వుకుంటూ వెళ్ళిపోయాక మేడమ్ స్టూలు లాక్కుని కూర్చుంది. ఆమె షాపుకొచ్చి కూర్చుందంటే సంగతి చిన్నది కాదని అతనికి తెలుసు. గుడ్డ తీసుకుని తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడవసాగాడు.

“నిన్న రాత్రంతా చూశాను. మీరు మీ అక్కయ్యను ఒక్క మాట అనలేదు.”

“తెలీక వేసింది.”

“చుక్కల మాట కాదు. డాక్టరు అనగానే ఆవిడ మండిపడుతోంది. మీరేమో నీళ్ళు నములుతున్నారు. మీకు తెలిసిందేదో నాకు తెలీదు. ఏమిటది?”

అతను అద్దం వెలుతురుకు ఎత్తి చూశాడు. అందులో మరక ఏమీ లేదు.

“అక్కకి కూడా ఇలాగే వచ్చింది,” అన్నాడు చివరికి.

“ఎప్పుడు?”

“రేడియోకి ఇప్పుడున్న వయసులోనే. నేనప్పుడు చాలా చిన్నవాణ్ణి. ఓ ఏడాది పాటు గదిలోంచి సరిగా బయటికి రాలేదు. చదువు ఎగ్గొట్టడానికి నాటకమని నాన్న, బద్ధకమని బాబాయి. తలో మాటా అన్నారు. తర్వాత ఎవరో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన ఏమిచ్చాడో, మనిషి కొయ్యబొమ్మలా నడిచేది. బడికి మళ్ళీ పంపితే అక్కడ పిల్లలు ‘పిచ్చిదొచ్చిందిరా’ అన్నారు. అంతే. మళ్ళీ ఆ బడి గుమ్మం తొక్కలేదు.”

పెళ్ళై ఇన్నేళ్ళైంది. ఒకే ఇంట్లో ఉన్నారు. ఆడపడుచు మొండిదనీ, మాట పడదనీ, మనుషులకంటే మొక్కలంటేనే ఇష్టమనీ తెలుసు. ఇది తెలీదు.

“మీరేం చేసేవారు?”

“నేనా? తలుపు బయట కూర్చునేవాణ్ణి. తలుపు కింద సందులోంచి నా బొమ్మ కార్లు లోపలికి తోసేవాణ్ణి.” కళ్ళద్దాలాయన కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. “కాసేపటికి ఒక్కోటీ తిరిగొచ్చేవి.”

“ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదండీ?”

“మా ఇంట్లో ఆ మాట ఎత్తకూడదు. అదేదో రాసిపెట్టిన రూలేం కాదు. ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు, అంతే. రేడియో గోడవైపు తిరిగి పడుకున్న మొదటి రోజే నాకు గుండె జారిపోయింది. తెలిసి కూడా తెలియనట్టున్నాను.”

ఆమెకు కోపం రావాల్సిందే. వచ్చింది కూడా. కానీ దాన్ని ఎక్కడ వాడాలో ఆమెకు బాగా తెలుసు. మొగుడి మీద కాదు.

“సరే. ఇప్పుడు నాకు దారి కనిపిస్తోంది,” అంటూ లేచింది. “మీరు మాత్రం ఇవాళ్టినుంచి తెలియనట్టు ఉండకండి. అది చాలు.”

*

మేడ మీద వదిన రాజ్యం. కుండీలు, బకెట్లు, పాత టబ్బులు, అన్నింట్లోనూ మొక్కలు. సాయంత్రం ఎండ ఇంకా పోలేదు. మేడమ్ రెండు కప్పుల టీ తెచ్చి పిట్టగోడ మీద పెట్టింది.

“లంచమా?” అంది వదిన, కలుపు తీస్తూ తలెత్తకుండానే.

“బేరం.”

“నాకు బేరాలు రావు.”

“వినండి ముందు. రేపటినుంచి పొద్దున్నే పిల్లను మీకు అప్పగిస్తాను. ఎండలో నడిపిస్తారో, మట్టి పిసికిస్తారో మీ ఇష్టం. మీరు దాన్ని బయటికి లాగాలని మొదట్నుంచీ అంటున్నారు, నేనే బడికి ఆలస్యమవుతుందని అడ్డం పడ్డాను. అది నా పొరపాటు. తిండివేళా నిద్రవేళా నేను చూసుకుంటా. పడుకునే ముందు ఫోన్లన్నీ హాల్లోనే, నావి, మీవి, ఆయనవి కూడా. గురువారం డాక్టరమ్మ. చుక్కలు మాత్రం సీసాలోనే ఉంటాయి.”

“అందరికీ పనులు పంచేశావే.”

“నా ఉద్యోగమే అది.”

వదిన చేతులు దులుపుకుని కప్పు అందుకుంది. “నడకా మట్టీ చాలవంటావా? నువ్వు చూస్తూ ఉండు, నేను తీసుకొస్తాను దాన్ని మామూలుకి. ఆ డాక్టరు గుమ్మం ఎక్కించకు. ఒక్కసారి ఎక్కితే ఆ పేరు చచ్చేదాకా వదలదు.”

“చాలితే సంతోషమే. చాలకపోతే? పిల్ల కాలు విరిగినట్టుంటే మీరు పాలూ గుడ్లూ పెడతారు, ఎక్స్‌రే వద్దంటారా? అసలు అదేమిటో, ఎంత లోతుగా ఉందో చూడాలి కదా. నాకు తెలీదు. మీకూ తెలీదు. తెలిసినవాళ్ళు చూడాలి. చూశాక ఆవిడే నడకా నిద్రా చాలంటే నాకంటే ఎగిరి గంతేసేదెవరు?”

“నీకు తెలీదు.”

“మీకు తెలుసా?”

ఆ అడిగిన తీరు వదినకు అర్థమైపోయింది. టీకప్పు పెదాల దగ్గరే ఆగిపోయింది.

“వాడు చెప్పాడా?”

“చెప్పారు.”

“వాడికప్పుడు ముక్కు తుడుచుకోవడం కూడా రాదు. వాడికేం గుర్తుంటుంది?”

“బొమ్మ కార్లు.”

కింద వీధిలో ఎవరో సైకిల్ బెల్ కొట్టుకుంటూ పోయారు. ఆ బెల్ దూరమయ్యేదాకా వదిన విన్నది. తర్వాత, మట్టితో మాట్లాడుతున్నట్టు తలవంచుకుని అంది:

“ఒకేసారి అన్నీ ఇచ్చేస్తే వెళ్ళిపోతాడని, ఒక్కోటే తోసేదాన్ని.”

మేడమ్ ఆవిడ పక్కన కూర్చుంది. ఓదార్పు మాటలు ఆవిడకు గిట్టవని తెలుసు కాబట్టి వాటి జోలికి పోలేదు.

“వదినా, ఈ సంగతి పిల్లకి చెప్పండి.”

“ఛస్తే చెప్పను.”

“దానికి తనొక్కతే ఇలా ఉన్నాననిపిస్తోంది. ఇంట్లోనే ఇంకో మనిషి...”

“చెప్పనన్నానా!” వదిన కప్పు ఠపీమని పెట్టింది. టీ చింది కుండీలో పడింది. “పొద్దున్నే లేపి పంపు. అంతవరకే నా పని.”

*

మొదటి రోజు పిల్లను లేపడానికి తాతలు దిగొచ్చారు. రెండో రోజు లేచింది గానీ, కాళ్ళు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టు నడిచింది. వదిన మాట్లాడించలేదు. పార్కు చుట్టూ ఓ చుట్టు, తర్వాత మేడ మీద నీళ్ళు పోయడం. ‘ఈ బకెట్ నీది’ అని చూపించిందంతే. బడిలో క్లాసు టీచరు పోయిన లెక్కల పరీక్ష మళ్ళీ రాయిస్తానంది. నర్సు మళ్ళీ ఫోన్ చేసి పిల్ల ఎలా ఉందో కనుక్కుని, ఏమాత్రం తేడా అనిపించినా గురువారం దాకా ఆగకుండా వచ్చేయమంది.

రాత్రిళ్ళు ఫోన్లు హాల్లో బుట్టలో పడుకునేవి. అందరికంటే ఎక్కువ విలవిల్లాడింది కళ్ళద్దాలాయనే. బుట్టలో ఫోన్ ‘టింగ్’ అన్నప్పుడల్లా కుర్చీలోంచి సగం లేచి, భార్య చూపు చూసి కూర్చునేవాడు. మూడోసారి లేచినప్పుడు పిల్ల పెదవి ఓ మూల కొద్దిగా కదిలింది. దాన్ని నవ్వని ఎవరూ అనలేదు. కానీ ముగ్గురూ చూశారు.

అంతా అలా సాఫీగా పోలేదు. శనివారం పిల్ల మేడ ఎక్కి, కుండీల మధ్య కూలబడి, ఇక కదలలేదు. నీళ్ళు పోయనంది. తిననంది. మేడమ్ మెట్ల మీద నిలబడి చూస్తోంది. మామూలుగానైతే వదిన ‘లే, లే’ అని రెక్క పుచ్చుకుని లేపే మనిషి. ఆవేళ లేపలేదు. పక్కనే చతికిలబడి, ఇరుకైపోయిన మొక్కలను ఒక్కొక్కటే పెద్ద కుండీల్లోకి మార్చుకుంటూ కూర్చుంది. ఎండ ముదిరి ఇద్దరి నెత్తి మీదికొచ్చింది. అప్పుడు వదిన లేచి పిల్ల వెనక్కి వెళ్ళి, తన నీడ ఆ పిల్ల మీద పడేలా నిలబడి, అక్కణ్ణుంచే చేతులు చాపి పని చేసుకుంది.

మేడమ్ చప్పుడు చేయకుండా దిగిపోయింది. ఈ మనిషి చేతుల్లో పిల్లను పెట్టడం తప్పు కాదని ఆ నిమిషంలో ఆమెకు గట్టిగా అనిపించింది. డాక్టరు వద్దని మాత్రం అనిపించలేదు. రెండూ కావాలి. రెండూ ఉంటాయి.

*

మంగళవారం బడి వదిలాక మేడమ్ పాఠాల కారులోనే పిల్లను ఎక్కించుకుంది. పూలషాపాయన మొక్కలు కావాలన్నాడని వదిన కూడా బయల్దేరింది. ముందు సీట్లో మట్టి పడకూడదని వదిన, కుండీలు, పిల్ల, అంతా వెనకే సర్దుకున్నారు. పిల్ల కాళ్ళ దగ్గర రెండు మొక్కలు, ఒళ్ళో ఒకటి.

కారులో మనుషులు ఎందుకు మాట్లాడతారో మేడమ్‌కు బాగా తెలుసు. ఒకరి ముఖం ఒకరు చూడక్కర్లేదు. రోడ్డు చూస్తూ చెప్పొచ్చు. స్టీరింగ్ పట్టుకుని విడాకుల సంగతి చెప్పినవాళ్ళున్నారు, విగ్గు సంగతి చెప్పినవాళ్ళున్నారు. అందుకే ఆమె పాటలు పెట్టలేదు, ఏమీ అడగలేదు. మెల్లగా పోనిస్తోంది.

రైలు గేటు పడింది. ముందు లారీ, వెనక బస్సు. ఇంజన్ ఆపేసింది.

“నీ వయసులో నేనూ ఇలాగే అయ్యాను,” అంది వదిన.

మేడమ్ అద్దంలోకి చూడబోయి మానుకుంది.

పిల్ల ఒళ్ళో మొక్క ఆకు పట్టుకుని ఉంది. “ఎలా?”

“ఇలాగే. నీలాగే. గదిలోంచి బయటికి రాలేదు.”

“ఎందుకొచ్చింది?”

“తెలీదే. ఎవరూ తిట్టలేదు, ఎవరూ పోలేదు. ఓ రోజు పొద్దున లేస్తే అన్నీ దూరంగా ఉన్నాయి. అమ్మ పిలుస్తుంటే...”

“నీళ్ళ అడుగునుంచి వింటున్నట్టు.”

“ఆఁ. అచ్చం అలాగే.”

రైలొచ్చింది. పెట్టెలు పోయినంతసేపూ కారు సన్నగా వణికింది. ఆ మోతలో ఇద్దరూ ఆగారు. మేడమ్‌కు రైలు ఎంత పొడుగుంటే అంత మంచిదో, ఎంత త్వరగా పోతే అంత మంచిదో తెలియలేదు.

“తర్వాత పోయిందా అత్తా?”

మేడమ్ లోలోపల వేడుకుంది: పోయిందని చెప్పండి వదినా. అబద్ధమైనా సరే.

“పోయింది,” అంది వదిన. “మళ్ళీ వచ్చింది. మీ నాన్న పెళ్ళైన ఏడు ఓసారి. నేను నర్సరీ మానేసినప్పుడు ఓసారి. ఇప్పుడొస్తే గుర్తుపడతాను. వచ్చావా, కూర్చో అంటాను. కానీ తలుపు మాత్రం వేసుకోను. మొదటిసారి వేసుకున్నాను, అందుకే అంత పొడుగైంది. నడవడం, ఎండలో ఉండటం, మట్టిలో చేతులు పెట్టడం, ఇవన్నీ నాకు సాయం చేశాయి. చేయలేదనను. కానీ అడిగేవాళ్ళొకరుంటే ఇంకా ముందే తేలేదాన్నేమో.”

“మరి ఆ చుక్కలు?”

“అవి నీకు కాదే. నా భయానికి వేశాను. నువ్వు నిద్రపోతే నాకు నిమ్మళంగా ఉండేది.” వదిన గొంతు సవరించుకుంది. “పొరపాటు చేశాను. ఏమనుకోకు.”

గేటు లేచింది. లారీ కదిలింది. మేడమ్ బండి స్టార్ట్ చేసింది. ఇన్నేళ్ళలో వదిన ఎవరితోనైనా ‘ఏమనుకోకు’ అనగా ఆమె వినలేదు.

“గురువారం ఆ డాక్టరు నన్నేం అడుగుతుంది?” అంది పిల్ల.

“అప్పుడు నన్ను చూసినాయన ఒక్క ముక్క అడగలేదు. మా నాన్నతోనే మాట్లాడి పంపేశాడు. ఈవిడ నిన్నే అడుగుతుందని మీ అమ్మ చెబుతోంది. అడక్కపోతే లేచొచ్చేద్దాం. నేనుంటాగా.”

డాక్టరు గుమ్మం ఎక్కించవద్దన్న మనిషి! మేడమ్ పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. కళ్ళు మాత్రం మసకబారాయి. కారు నడిపేవాళ్ళకు అది పనికిరాదని తనే రోజూ చెబుతుంది. రెప్పలు కొట్టుకుని రోడ్డు చూసింది.

“అత్తా.”

“ఊఁ.”

“నీకప్పుడు... ఒకటి అనిపించేదా?”

“ఏమిటి?”

ఈసారి మేడమ్ అద్దంలోకి చూసింది. కూతురి కళ్ళు తిన్నగా ఆ అద్దంలోకే ఉన్నాయి, ఆమె కళ్ళలోకే.

“అమ్మ ఉంటే చెప్పలేను.”

నవమాసాలు మోసింది తను. జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నది తను. టీచరు దగ్గరికీ నర్సు దగ్గరికీ పరుగులు పెట్టింది తను. చెప్పలేనిది తనకేనా?

కానీ చేతులూ కాళ్ళూ వాటి పని అవి చేశాయి. ఇండికేటర్ వేసింది. అద్దం చూసింది. బండిని మెత్తగా పక్కకు తీసి ఆపింది.

“నేను ఆ షాపు దగ్గరుంటాను,” అంది వెనక్కి తిరగకుండా. “ఇక్కణ్ణుంచి మీకు కనిపిస్తూనే ఉంటా. తొందరేం లేదు. ఎంతసేపైనా సరే.”

దిగి తలుపు వేసింది.

చెప్పుల షాపు. మెట్టెక్కి, బయట వేలాడదీసిన జోళ్ళ మధ్య నిలబడింది. “ఏ సైజండీ?” అన్నాడు షాపువాడు. “ఊరికే,” అంది. ఆమె ముఖం చూసి అతను స్టూలు తెచ్చి వేసి లోపలికి పోయాడు. ఆమె కూర్చోలేదు.

కారు అద్దంలోంచి ఇద్దరి తలలూ కనిపిస్తున్నాయి. పిల్ల తల వంచుకుని ఉంది. పెదాలు కదులుతున్నాయి. ఆగుతున్నాయి. మళ్ళీ కదులుతున్నాయి. ఇన్ని మాటలు ఆ పిల్ల నోట ఒక్కసారిగా వచ్చి ఎన్నాళ్ళైందో. వదిన మధ్యలో అడ్డం రాలేదు. ఒక్కసారి మాత్రం ఏదో అడిగింది, సూటిగా, ముఖంలో ముఖం పెట్టి. పిల్ల తలూపింది.

అప్పుడు వదిన పిల్ల ఒళ్ళోని కుండీ తీసి పక్కన పెట్టేసింది. మట్టి చేతులతోనే పిల్లను దగ్గరకు లాక్కుంది. తెల్లటి స్కూలు చొక్కా మీద ఆ వేళ్ళ గుర్తులు ఇంత దూరానికీ కనిపించాయి.

మేడమ్ స్తంభాన్ని పట్టుకుంది. పరుగెత్తి వెళ్ళి తలుపు తెరవాలని ఒళ్ళంతా లాగింది. వెళ్ళలేదు. కనిపిస్తూ ఉంటానంది. కనిపిస్తూ నిలబడింది.

కారు అద్దం దిగింది. వదిన చెయ్యి ఊపింది. మేడమ్ మూడంగల్లో అక్కడుంది.

“ఎక్కు,” అంది వదిన. ముఖం పాలిపోయి ఉంది గానీ గొంతు గట్టిగా ఉంది. “ఇంటికి కాదు. డాక్టరమ్మ దగ్గరికి.”

“గురువారం కదా...”

“గురువారం దాకా ఆగేది కాదు. దీన్ని ఒక్క నిమిషం ఒంటరిగా వదలకూడదు. నర్సుకు ఫోన్ చెయ్యి, వస్తున్నామను. ఇప్పుడే.”

మేడమ్ ఏమిటని అడగలేదు. ఫోన్ తీసి రెండు ముక్కలు చెప్పింది. అటు నుంచి నర్సు “రండి, ఎదురుచూస్తుంటాం” అంది.

“మరి పూలషాపాయన మొక్కలో వదినా?” అంది, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

“మొక్కలు ఆగుతాయి. పోనీ.”

ఆమె స్టీరింగ్ ముందు కూర్చునేలోగా వెనక తలుపు తెరుచుకుంది. పిల్ల దిగి, చుట్టూ తిరిగొచ్చి, ముందు సీట్లో తల్లి పక్కన కూర్చుని బెల్టు పెట్టుకుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. చాలా రోజుల తర్వాత ఆ కళ్ళు తల్లి ముఖం మీద నిలిచాయి.

“అమ్మా, అక్కడికెళ్ళాక నేనే చెప్తాను. ఆవిడకి చెప్పేటప్పుడు నువ్వూ ఉండు.”

“ఉంటాను.”

“ఏడవకూడదు మరి.”

“ఏడుస్తాను,” అంది మేడమ్ గేరు వేస్తూ. “ఏడ్చినా అక్కడే ఉంటాను. ఎక్కడికీ పోను. నువ్వు చెప్పడం మాత్రం ఆపకు.”

పిల్ల కాసేపు ఆలోచించి తలూపింది. కారు రోడ్డెక్కింది.